కన్ను చెప్పే వెన్ను కబురు

2024 భోగి పండగ. తెల్లవారుజామున వీధిలో మంట వేశాం. పిల్లలు చుట్టూ చేరి చలి కాచుకుంటున్నారు. ఇంటినిండా చుట్టాలు. అందరికీ కాఫీలు కలపాలి, తలంట్లకి నీళ్ళు కాచాలి. మా తోటికోడలు ఎక్కడా కనిపించదు! వెళ్ళి చూస్తే గదిలో తలుపులు వేసుకుని, లైటైనా వేసుకోకుండా, చీర చెంగు కళ్ళ మీద కప్పుకుని ముడుచుకు పడుకుని ఉంది.

నాకు ఒళ్ళు మండింది. పండగ పూట కూడానా అనుకున్నాను. లైటు వేయబోతే "వద్దక్కా, వెలుతురు చూడలేకపోతున్నాను" అంది. చెంగు తీసి చూస్తే ఎడమ కన్ను నిప్పుకణికలా ఉంది.

"భోగి మంట పొగ తగిలింది. నందివర్ధనం పూలు పెట్టుకో, చల్లబడుతుంది" అన్నారు అత్తయ్య. మా మరిది వెళ్ళి మందుల షాపులో చుక్కలమందు పట్టుకొచ్చాడు. పగలంతా ఆ పిల్ల గదిలోంచి రాలేదు. సాయంత్రం భోగిపళ్ళ పేరంటానికి వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు "మీ చిన్నకోడలు మొహం చాటేసిందే" అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఎందుకంటే అది పొగ కాదు. అది మొదటిసారీ కాదు, నాలుగోసారి. 2021లో కుడి కన్ను ఎర్రబడితే "వేడి చేసింది" అనుకున్నాం. మరుసటేడు ఎడమ కన్ను. 2023 వర్షాకాలంలో ఊరంతా కళ్ళకలకలు వచ్చినప్పుడు మళ్ళీ కుడి కన్ను. ఊళ్ళో అందరితోపాటే కదా అని ఎవరం పట్టించుకోలేదు. ప్రతిసారీ అదే మందుల షాపు, అవే చుక్కలు. మూడు నాలుగు వారాలకి తగ్గడం, మేం మరిచిపోవడం.

ఈసారి మాత్రం కనుమ వెళ్ళేసరికి చూపు మసకబారింది. "గోడమీద క్యాలెండరు అంకెలు కనపడటం లేదక్కా" అని ఏడ్చింది. అప్పుడు భయం వేసి గుంటూరులో కంటి డాక్టరుగారి దగ్గరకి తీసుకెళ్ళాను.

ఆవిడ గడ్డం ఆనించి కూర్చోబెట్టి, సన్నటి వెలుగు గీత కంటిమీద పడేలా పెట్టి, భూతద్దంలోంచి చాలాసేపు చూశారు. దాన్ని స్లిట్ ల్యాంప్ అంటారట. చూడటం అయ్యాక ఎవరూ అనుకోని ప్రశ్న అడిగారు.

"నీకు నడుంనొప్పి ఉందా అమ్మా?"

కంటికోసం వస్తే నడుం సంగతి ఎందుకో! మా తోటికోడలు వెంటనే "లేదండీ" అంది. నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఆ మాట ఎత్తినప్పుడల్లా దొరికిన జవాబులు విని విని, లేదనడం అలవాటైపోయింది ఆ పిల్లకి.

"ఉందండీ" అన్నాను నేను. పొద్దున్నే మంచం దిగలేకపోవడం, కాసేపు గోడ పట్టుకుని నడవడం, రాత్రి మూడింటికి లేచి వసారాలో తిరగడం, అన్నీ నేను చూసినవే. చూసి విసుక్కున్నవే. ఆ రోజు డాక్టరుగారికి వరసగా చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కళ్ళకలక కాదు, మరేమిటి?

కన్ను ఎర్రబడగానే మనకి గుర్తొచ్చేది కళ్ళకలకే. కళ్ళకలక కంటిని పైపైన కప్పి ఉండే పొరకి వస్తుంది. దురద, నీళ్ళు, పుసులు, పొద్దున్నే రెప్పలు అంటుకుపోవడం దాని లక్షణాలు. ఒక కంటికి మొదలై తరచు రెండో కంటికీ పాకుతుంది. చూపు సాధారణంగా తగ్గదు. పుసి తుడుచుకుంటే మామూలుగానే కనపడుతుంది.

మా తోటికోడలికి వచ్చింది కంటి లోపలి వాపు. కనుపాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని ఐరిస్ అంటారు. దానితో కలిసి కంటిలోపల పరుచుకుని ఉండే పొరకి యూవియా అని పేరు. లాటిన్‌లో 'ఊవా' అంటే ద్రాక్షపండు. తొక్క ఒలిచిన నల్లద్రాక్షలా ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఆ పొర ముందుభాగం వాస్తే దాన్ని యాంటీరియర్ యూవైటిస్ అంటారు, ఐరైటిస్ అని కూడా అంటారు.

దీని తీరు వేరు. కన్ను లోపలినుంచి సలుపుతుంది. వెలుతురు చూస్తే నొప్పి పెరుగుతుంది. నల్లగుడ్డు చుట్టూ ఎరుపు ఎక్కువగా ఉంటుంది. పుసి ఉండదు, నీళ్ళు మాత్రం కారుతాయి. చూపు మసకేస్తుంది. సాధారణంగా ఒకసారికి ఒక కంటికే వస్తుంది. మళ్ళీ వచ్చినప్పుడు అదే కంటికైనా రావచ్చు, రెండో కంటికైనా రావచ్చు.

"సినిమా హాల్లో ప్రొజెక్టరు వెలుగులో దుమ్ము కణాలు తేలుతూ కనపడతాయే, అలా ఈ కంటిలోపల తెల్ల కణాలు తేలుతున్నాయి" అని డాక్టరుగారు మాకు అర్థమయ్యేలా చెప్పారు. ఆ వాపుని అలాగే వదిలేస్తే ఐరిస్ వెనక ఉండే లెన్సుకి అంటుకుపోతుంది. అప్పుడు కనుపాప గుండ్రంగా విచ్చుకోలేదు, వంకరటింకరగా అవుతుంది. కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లాకోమా) రావచ్చు. చిన్న వయసులోనే శుక్లాలు రావచ్చు. రెటీనా మధ్యభాగం వాచి చూపు దెబ్బతినవచ్చు. మా తోటికోడలికి అప్పటికే ఎడమ కంట్లో రెండు చోట్ల అంటుకుని ఉంది.

కంటికీ వెన్నుకీ చుట్టరికం

మన ఒంట్లో బయటి క్రిములతో పోరాడే రక్షణ వ్యవస్థ ఒకటుంది. అది ఒక్కోసారి దారి తప్పి సొంత ఒంటిమీదే తిరగబడుతుంది. అలా వెన్నెముక మీద తిరగబడితే వచ్చే జబ్బుల్లో ముఖ్యమైనది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. గ్రీకు భాషలో 'ఆంకిలోస్' అంటే వంగినది, 'స్పాండిలోస్' అంటే వెన్నుపూస. వెన్నెముక అడుగున, నడుముకీ తుంటికీ మధ్య రెండు పక్కలా ఉండే కీళ్ళలో వాపు మొదలవుతుంది. ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే కొందరిలో వెన్నుపూసల మధ్య ఎముక పెరిగి అవన్నీ అతుక్కుపోతాయి. ఎక్స్‌రేలో వెదురుబొంగులా కనపడుతుంది. మనిషి వంగలేడు, మెడ తిప్పలేడు.

ఈ జబ్బు ఉన్నవాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు కంటిలోపలి వాపు వస్తుంది. ఎన్నేళ్ళు గడిస్తే ఆ అవకాశం అంత పెరుగుతుంది. ఈ రెంటినీ కలిపే దారం 1973లో దొరికింది. లండన్‌లో డెరిక్ బ్రూవర్టన్ బృందం, అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో పాల్ టెరసాకి సహచరుల బృందం ఎవరికి వారుగా ఒకే సంగతి బయటపెట్టారు. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్ళలో అత్యధికుల తెల్ల రక్తకణాల మీద ఒక వంశపారంపర్యపు గుర్తు ఉందని! దాన్నే ఇప్పుడు హెచ్.ఎల్.ఎ. బి-27 అంటున్నారు. అదే ఏడు బ్రూవర్టన్ బృందం ఐరైటిస్ రోగుల్లో కూడా చాలామందికి అదే గుర్తు ఉందని చూపించింది. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం ఉన్నట్టుండి వచ్చే ఐరైటిస్ రోగుల్లో దాదాపు సగంమందికి ఆ గుర్తు ఉంటుంది.

2015లో ఐర్లండులోని డబ్లిన్ వైద్యులు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇలాంటి కంటివాపుతో వచ్చిన రోగుల్ని కీళ్ళ వైద్యుల చేత కూడా పరీక్ష చేయించారు. దాదాపు నూటికి నలభైమందికి, అప్పటిదాకా ఎవరూ కనిపెట్టని వెన్ను, కీళ్ళ వాపు జబ్బు ఉన్నట్టు తేలింది! అంటే కంటి డాక్టరు అడిగే ఒక్క ప్రశ్న వెన్నెముకని కాపాడగలదన్నమాట. మాకు జరిగింది సరిగ్గా అదే.

ఒక్క మాట. రక్తంలో ఈ గుర్తు ఉన్నంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు. ఉన్నవాళ్ళలో చాలామందికి జీవితమంతా ఏమీ రాదు. గుర్తు లేనివాళ్ళకీ జబ్బు రావచ్చు. కంటివాపుకి క్షయ వంటి ఇతర కారణాలూ ఉంటాయి. అందుకే ఒక్క రక్తపరీక్ష చూసి ఎవరికి వారు తీర్పు చెప్పుకోకూడదు.

అది బద్ధకం కాదు

నడుంనొప్పి లేని ఆడవాళ్ళు ఎవరు చెప్పండి? అదే వచ్చిన చిక్కు. మామూలు నడుంనొప్పి పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఈ వాపు నొప్పి దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. పడుకుంటే పెరుగుతుంది, తిరిగితే తగ్గుతుంది. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుంది. లేచాక అరగంటో, ఇంకా ఎక్కువసేపో నడుం కొయ్యబారినట్టు ఉంటుంది. సాధారణంగా నలభై అయిదేళ్ళ లోపే, ఎప్పుడు మొదలైందో తెలియకుండా మొదలై నెలల తరబడి ఉంటుంది. నొప్పి ఒకసారి ఒక పిరుదులో, ఇంకోసారి రెండో దానిలో వస్తుంటుంది.

మరి ఇలాంటి మనిషి మన ఇళ్ళలో ఎలా కనపడుతుంది? తెల్లవారి ఆరింటికి మంచం దిగలేదు. పదింటికల్లా బాగానే తిరుగుతుంది. "పని వేళకి నొప్పి, టీవీ వేళకి తగ్గుతుంది" అంటాం మనం. మా అత్తయ్య ఆ మాట అన్నారు. నేనూ అన్నాను. ధనుర్మాసంలో ముగ్గు వేయడానికి వంగలేకపోతే "మేం మాత్రం పిల్లల్ని కనలేదా, మాకు నడుంనొప్పులు లేవా" అన్నాను.

కాన్పు ఆపరేషనప్పుడు వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజక్షను వల్లే నొప్పి అని ఇంట్లో అందరం తేల్చేశాం. ఈ నమ్మకం లేని ఇల్లు అరుదేమో! ఆ ఇంజక్షను వేసినచోట కొద్దిరోజులు నొప్పి ఉండవచ్చుగానీ, ఏళ్ళ తరబడి తెల్లవారుజామున నిద్రలేపే నొప్పికి అది కారణం కాదని డాక్టర్లు చెబుతున్నారు. విచారిస్తే అసలు సంగతి బయటపడింది. ఆ పిల్లకి నొప్పి మొదలైంది డిగ్రీ చదివే రోజుల్లో! అప్పుడు వాళ్ళ పుట్టింట్లో నడుం పట్టిందని, ఎదురుకాళ్ళతో పుట్టిన పిన్నిచేత తన్నించారట. వెన్నుపూసలు బిగుసుకుంటున్న మనిషికి ఇలాంటి తొక్కుళ్ళు, విరుపులు ప్రమాదం. బాగా అతుక్కుపోయిన వెన్ను చిన్న దెబ్బకే విరిగే అవకాశం ఉంది.

పెళ్ళయ్యాక ఒక డాక్టరు ఆర్.ఎ. ఫ్యాక్టర్ పరీక్ష చేయించి "వాతం లేదు" అన్నారు. ఈ జబ్బులో ఆ పరీక్షలో సాధారణంగా ఏమీ కనపడదు. ఇంకొకరు ఎక్స్‌రే తీయించి "బాగానే ఉంది" అన్నారు. ఎక్స్‌రేలో మార్పులు కనపడటానికి ఏళ్ళు పడుతుంది. తొలిదశలో వాపుని చూపించేది తుంటి కీళ్ళకి తీసే ఎం.ఆర్.ఐ. స్కానింగు. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. కూడా కొందరిలో మామూలుగానే ఉంటాయి.

ఇంకో పేచీ పేరుతో వస్తుంది. మెడ పట్టేసి పట్టీ కట్టుకున్న ప్రతివారినీ మనం "స్పాండిలైటిస్" అంటాం. అది చాలావరకు వయసుతో ఎముకలు, డిస్కులు అరగడం వల్ల వచ్చే స్పాండిలోసిస్. ఇది వేరు, అది వేరు. డాక్టరు స్పాండిలైటిస్ అని రాస్తే "ఓస్, మెడనొప్పేగా" అని తీసిపారేయకండి.

ఆడవాళ్ళకి రాదనుకునేవారు

ఒకప్పటి వైద్య పుస్తకాల్లో ఇది మగవాళ్ళ జబ్బు. తొమ్మిది పదిమంది మగవాళ్ళకి ఒక ఆడమనిషి అని రాసేవారు. ఇప్పుడు ఆ లెక్క మారిపోయింది. ఎక్స్‌రేలో కనపడే దశలో ఇద్దరు ముగ్గురు మగవాళ్ళకి ఒక స్త్రీ ఉంటుంది. ఎక్స్‌రేలో ఇంకా కనపడని దశలో ఇద్దరూ దాదాపు సమానమే. స్త్రీలలో వెన్ను అతుక్కుపోవడం నెమ్మదిగా జరుగుతుంది, మెడ, ఇతర కీళ్ళ నొప్పులు ఎక్కువగా ఉంటాయి. అంచేత ఎక్స్‌రే బాగుందనీ, మానసికమనీ, రక్తం తక్కువనీ చెప్పి పంపేస్తుంటారు. జబ్బు బయటపడటానికి సగటున ఏళ్ళు పడుతోందనీ, ఆ ఆలస్యం స్త్రీలకి ఇంకా ఎక్కువనీ చాలా దేశాల్లో పరిశోధకులు గమనించారు.

దీనికి చుట్టాలూ ఉన్నారు. పొద్దున్నే అడుగు వేయనివ్వని మడమ నొప్పి, చర్మం మీద పొలుసులు రాలే సొరియాసిస్, రక్తంతో కూడిన దీర్ఘకాలపు విరేచనాలు, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన జబ్బుల్లో కనపడతాయి. డాక్టరు దగ్గరకి వెళ్ళినప్పుడు "అది వేరే డాక్టరుకి చెప్పాలి" అనుకుని దాచకండి. మీకేగాక మీ అన్నదమ్ములకో, తండ్రికో ఇలాంటివి ఉన్నా చెప్పండి.

వైద్యం ఉంది

కంటివాపుకి స్టెరాయిడ్ చుక్కలు వేస్తారు. మొదట్లో గంటకోసారి, తగ్గేకొద్దీ వారాల మీద తగ్గించుకుంటూ వస్తారు. కన్ను తెల్లబడింది కదా అని మధ్యలో మానేస్తే వాపు తిరగబెడుతుంది. కనుపాపని విచ్చుకునేలా చేసే చుక్కలు కూడా ఇస్తారు. అవి వేసినన్నాళ్ళు దగ్గరివి మసకగా కనపడతాయి, వెలుతురు పడదు. ఐరిస్ లెన్సుకి అంటుకోకుండా కాపాడేవి అవే.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలతో రెండు రకాల ముప్పు. అవి ఉత్త యాంటీబయాటిక్ అయితే ఈ వాపుకి పనికిరావు, విలువైన రోజులు పోతాయి. స్టెరాయిడ్ అయితే, అసలు కంట్లో ఉన్నది వైరస్ పుండైనప్పుడు దాన్ని రేపెడతాయి. చూసేవారు లేకుండా నెలల తరబడి వేసుకుంటే నీటికాసులు, శుక్లాలు రావచ్చు.

వెన్నుకి చూపించవలసింది రుమటాలజిస్టుకి, అంటే కీళ్ళవాతపు జబ్బుల డాక్టరుకి. వాపు తగ్గించే మాత్రలు, వ్యాయామం మొదటి మెట్టు. చాలామందికి వీటితోనే మేలు కనపడుతుంది. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, గర్భం ధరించాలనుకునేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. మాత్రలతో లొంగకపోతే బయలాజిక్స్ అనే ఇంజక్షన్లు ఉన్నాయి. వాటిలో అడాలిముమాబ్ వంటివి వెన్నునీ, కంటినీ రెంటినీ కాపాడతాయి. ఖరీదు ఎక్కువే. 2014లో మన దేశంలోనే దీనికి సాటి మందు తయారై కాస్త తక్కువ ధరకి వచ్చింది. ఇవి మొదలుపెట్టేముందు క్షయ ఉందేమో తప్పకుండా పరీక్షిస్తారు. లోపల అణిగి ఉన్న క్షయని ఈ మందులు లేపే ప్రమాదం ఉంది.

వ్యాయామం మాత్రం మందుతో సమానం. నడక, ఈత, ఊపిరి నిండా పీల్చి వదలడం, వెన్ను సాగదీసే ఆసనాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయాలి. పరుపు గట్టిగా, తలగడ పలచగా ఉండాలి. రోజూ కాసేపు బోర్లా పడుకోవడం మంచిది. పొగతాగడం ఈ జబ్బుని ముదిరేలా చేస్తుంది కాబట్టి ఇంట్లో మగవాళ్ళకి జబ్బుంటే ఆ సిగరెట్టు మానిపించండి.

తల్లులకి ఇంకొక సంగతి. చిన్నపిల్లలకి మోకాలో, చీలమండో వారాల తరబడి వాచి ఉంటే కంటి పరీక్ష కూడా చేయించండి. పిల్లల కీళ్ళవాతంలో ఒక రకానికి కంటివాపు చప్పుడు లేకుండా వస్తుంది. ఎరుపుండదు, నొప్పుండదు. చూపు తగ్గాకే బయటపడుతుంది.

అడగవలసిన ప్రశ్నలు

కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు మసకగా ఉన్నా ఆ రోజే కంటి డాక్టరుకి చూపించాలి. ఇది రెండోసారో మూడోసారో అయితే ఆ మాట, ఎప్పుడెప్పుడు ఏ కంటికి వచ్చిందో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. డాక్టరు అడగకపోయినా నడుం సంగతి మీరే చెప్పండి. అలాగే ఏళ్ళ తరబడి పొద్దున్నపూట నడుం బిగుసుకుపోతున్నవాళ్ళు, ఎప్పుడైనా కన్ను ఇలా ఎర్రబడిందేమో గుర్తు చేసుకోండి.

మా తోటికోడలికి ఎం.ఆర్.ఐ.లో తుంటి కీళ్ళ వాపు కనపడింది. మాత్రలతో, వ్యాయామంతో చాలావరకు తేరుకుంది. చూపు తిరిగి వచ్చింది. ఎడమ కంట్లో అంటుకున్న రెండు చోట్లలో ఒకటి మాత్రం విడలేదు. అద్దంలో దగ్గరగా చూస్తే కనుపాప ఒక పక్క చిన్న నొక్కు పడినట్టు ఉంటుంది. మేం పోగొట్టిన మూడేళ్ళ గుర్తు అది. 2025లో కుడి కన్ను మళ్ళీ ఎర్రబడింది. ఆ సాయంత్రమే గుంటూరు బస్సెక్కాం. మచ్చ లేకుండా తగ్గింది.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్న డికాక్షను నేనే వేస్తాను. ఆ పిల్ల వసారాలో చాప మీద అరగంట వ్యాయామం చేసుకుని ఏడింటికి వంటింట్లోకి వస్తుంది, సాయంత్రం పని తనది. అత్తయ్య నోటితో ఏమీ అనలేదు. కానీ మొన్నొకసారి మా పక్కింటావిడ "మీ చిన్నకోడలు ఇంకా లేవలేదా?" అని అడిగితే, "లేచిందమ్మా, మందు వేసుకుంటోంది" అన్నారు. చాప మీద చేతులు చాపి వంగుతున్న కోడల్ని చూస్తూనే అన్నారు ఆ మాట.